గంటసేపు సత్తమ్మ

ఏమీ వినవస్తలేదు. సరోజన కిష్టయ్య కడుపు మీద చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, కండ్లు మూసుకొని విన్నది. మనిషి కడుపన్నంక ఏదో ఒక చప్పుడు ఉంటది, తిన్నా ఉంటది, తినకున్నా ఉంటది, పస్తున్ననాడైతే ఇంకింత ఎక్కువ ఉంటది. అడవిల దళమంతా ఒక్కకాడ ఒరిగినప్పుడు ఎవరి కడుపు ఎట్ల గుడగుడలాడుతదో ఆమెకు మొకం చూడకుండనే ఎరుక. ఈ కడుపు మాత్రం ఉబ్బి, బిగుసుకొని, వేలితోటి తడితే డప్పు లెక్క మోగుతున్నది గని లోపల ఒక్క కదలిక లేదు. గుడిసె బయట మక్కచేన్ల చిలుకలు కొట్లాడుతున్నయి, ఈ పోడు చేను లంబాడామె తారి రోట్ల జొన్నలు దంచుతున్నది, కింద వాగు పారుతున్నది. ఎన్నో చప్పుళ్లు. కావలసినదొక్కటే లేదు. పొద్దు సగం వాలింది. గుట్ట అంచుకు తాకాలంటే ఇంకో గంట, మహా అయితే జర ఎక్కువ. ఆలోపల తేలాలె. పొద్దుగాల దళాన్ని తీసుకొని పోతూ పోశాలన్న చెప్పనే చెప్పిండు: "కొత్తగూడల మిలట్రీ దిగింది. రేపు ఈ పోడు చేండ్లన్నీ గాలిస్తరు. పొద్దు గుట్టెనుక వడేలోపు నువ్వు వాగు దాటాలె సరోజనా. గోప్యా బండి తెస్తడు. కిష్టయ్య తేరుకుంటే ఎక్కించి పంపు. తేరుకోకుంటే..." అని ఆగి, తుపాకి ఈ భుజం మీదికెళ్లి ఆ భుజం మీదికి మార్చుకొని, మిగిలిన మాట చెప్పకనే పోయిండు. తేరుకోకుంటే ఏంది? కడుపు గిట్లనే ఉంటే బండిల కుదుపులకు దారిలనే పానం పోతది. బండి ఎక్కించకపోతే రేపు మిలట్రీ చేతుల పోతది. కదులు, కదులు, అని ఆమె కడుపును బతిమిలాడింది, మనిషిని కాదు, కడుపునే.

రెప్ప లేపి చూసింది. గుడిసె లోపల నీడ. నీడల కంటిపాప పెద్దగ కావాలె. ఆవగింజంత ఉన్నది. పెదువులు ఎండి తెల్లగ పొలుసులు లేచినయి. నిద్రలోనే ముక్కు గోక్కుంటున్నడు, మెడ గోక్కుంటున్నడు, నల్లమందు తీసుకున్నోళ్లు గట్లనే గోక్కుంటరని జనగామ దవాఖానల సాయిలు కంపౌండర్ చూపిచ్చిండు. ఊపిరి చూడు ముందుగాల, అన్నడు ఆయన, తతిమ్మా అన్నీ తర్వాత. ఆమె దగ్గర గడియారం లేదు. తన ఊపిరితోటే లెక్క చూసింది. తనది మూడుసార్లు ఆడితే కిష్టయ్యది ఒక్కసారి. మధ్యల వచ్చే ఆ ఖాళీ, ఆ ఖాళీల తనది కూడ ఆగిపోతున్నది, ఆగితే లెక్క తప్పుతున్నది, మళ్ల మొదటికెళ్లి. జనగామల నీళ్లు మోయను, గచ్చు కడగను కుదిరిన తనకు మందు చుక్కలు లెక్కవెట్టుడు నేర్పింది సాయిలే. పిలగాండ్లు లేని మనిషి, కోపిష్టి, పొద్దంతా ఎవరినో ఒకర్ని తిట్టేటోడు. ఓనాడు నాట్లకు వచ్చిన కూలామె అయిదు నెలల పసిదాన్ని ఎత్తుకొచ్చింది. కడుపు నడుస్తుందని దుకాణంల నల్లమందు కలిపిన చుక్కల మందు కొని మూడు చుక్కలు పోసిందట. కడుపు ఆగింది, పిల్ల కండ్లు తెరుస్తలేదు. సాయిలు ఆ తల్లిని ఒక్క మాట అనలేదు. పిల్లను ఒళ్లె వేసుకొని పొద్దుగాలికెళ్లి పొద్దూకే దాంక అరికాళ్ల మీద వేళ్లతోటి కొట్టుకుంట, పేరు పెట్టి పిలుసుకుంట, ఏడిపించుకుంట కూసున్నడు. పిల్ల గట్టిగ ఏడిసినంక తల్లి చేతుల పెట్టి, బయటికొచ్చి, నీళ్ల బకెట్టును కాలితోటి తన్నిండు. "గా మందు బెల్లం పక్కన పెట్టి అమ్ముతరు, సరోజనా! అడిగినోనికల్ల అమ్ముతరు! చీటి లేదు, చెప్పేటోడు లేడు. పసిపిల్లలకు ఒక్క చుక్క కూడ పొయ్యద్దని ఎవడన్న చెప్పిండా దానికి?" బకెట్టు దొర్లుకుంట పోయి మెట్ల కింద ఆగింది. నీళ్లు ఆమే ఎత్తింది.

కిష్టయ్యను మొదలు చూసింది కూడ ఆ మెట్ల మీదనే. దొర ఉత్తరం పట్టుకొని వెట్టికి ఉరికొచ్చిన మనిషి, మడిమ పగిలి నెత్తురు కారుతుంటే కూసోకుండ నిలవడ్డడు, కూసుంటే మళ్ల లేవలేనని. ఆమె చెంబుతోటి నీళ్లు పోసి కాలు కడిగింది. ఎవరో ఒక ఆడమనిషి తన కాలు ముట్టిందని ఆయన సిగ్గువడి మొకం పక్కకు తిప్పుకున్నడు. గంతే. తర్వాత అయిదేండ్లకు, పాకాల అడవిల, సంగం ఉత్తరాలు మోసే కిష్టయ్య అని ఎవరో చెప్తే తలెత్తి చూసింది, మడిమ మీద ఆ మచ్చ కనవడ్డది. అడవిల ఆయన ముందు నడిస్తే కొమ్మలు ఎగిరొచ్చి ఎనుకటోళ్ల మొకానికి తాకయి. పట్టుకొని, ఎనుకటోళ్లు దాటినంక విడుస్తడు. అందరికీ గట్లనే పడుతడు. ఆమెకొక్కదానికే కాదు. ఆ సంగతి ఆమె తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకున్నది. దళంల అందరు అన్నలే, కిష్టన్నా అని పిలువాలె, పిలిచింది, రెండేండ్ల సంది పిలుస్తనే ఉన్నది, పిలిచినప్పుడల్లా ఆ అన్న అన్న మాట నోట్లె గింజ లెక్క అడ్డం పడుతనే ఉన్నది. తొమ్మిదేండ్లకు లగ్గమైంది తనకు. పదకొండేండ్లకు గత్తరొచ్చి పెనిమిటి పోయిండు. ఆ పిలగాని మొకం ఎంత తలుచుకున్నా యాదికి రాదు. పసుపు బట్ట, బాజా, ఒక ఉక్కపోత, గంతే. ముప్పై నిండవట్టె. ఒక్క మనిషిని పేరు పెట్టి తలుచుకొని మనసు ఇంత కొట్టుకునుడు అంటే ఏందో ఇప్పుడు, ఈ తుపాకుల నడుమ, చెట్ల నడుమ తెలువవట్టె.

ఆ కొట్టుకునుడే ఆయనను ఇట్ల పండవెట్టింది. తప్పించుకునేది లేదు, ఎటు తిరిగినా ఆలోచన అక్కడికే వచ్చి ఆగుతున్నది. వానలకు వాగు నీళ్లు ఎర్రగైనయి, దళంల నలుగురికి కడుపు నడిచింది. ఉప్పేసిన గంజి తాగిపిచ్చింది, ముగ్గురికి తగ్గింది. కిష్టయ్యకు తగ్గలేదు, అయినా భూపాలపల్లి అడవిల ఉన్న దళానికి ఉత్తరం పోవాలె, మిలట్రీ కావలి ఉన్న సడక్ దాటాలె, ఆడ కూసుండేటందుకు లేదు. జరం లేదు, నెత్తురు లేదు, ఉత్త నీళ్లే. గట్లున్నప్పుడు చుక్కల మందు ఇస్తే తప్పులేదు. కేసముద్రం దుకాణంల తెప్పిచ్చిన నల్లమందు సీసల నుంచి పది చుక్కలు లెక్కవెట్టి నీళ్లల్ల కలిపి ఇచ్చింది. ఆగింది. అక్కడిదాంక అంత సాయిలు చెప్పినట్టే. తెల్లారి పొద్దుగాల ఆయన బయలెల్లుతుంటే, "సరోజనా, ఆ సీస నాకియ్యి. దారిల మళ్ల వస్తే ఎట్ల?" అన్నడు. చుక్కలు చేతికియ్యి, సీస చేతికియ్యకు. సాయిలు నూరుసార్లు చెప్పిన మాట. నూరుసార్లు విన్న మాట. ఆమె సీస ఇచ్చింది. "పది చుక్కలే, పొద్దుకోసారి, జరమొస్తే ముట్టద్దు, నెత్తురు కనవడితే ముట్టద్దు" అని చెప్పింది గని చెప్పుకుంటనే కొంగు చించి సీసకు చుట్టింది, పగులకుండ. ఎందుకిచ్చినవు? తన చేతిది ఏదో ఒకటి ఆయన రొండిన ఉండాలెనని. ఆరు దినాలు, ఆ నడకంత, తన కొంగు ముక్క ఆయన ఒంటికి తాకుకుంట ఉండాలెనని. గంతే. దాంట్ల ఇంకో కారణం లేదు. పోశాలన్న అడిగితే చెప్పేటందుకు వేరే కారణం తయారు చేసుకున్నది గని తనకు తాను చెప్పుకునేటందుకు ఇదొక్కటే ఉన్నది. ఆరో దినం, అంటే నిన్న, ఆయన చెట్టుకు చెట్టుకు ఒరుగుకుంట వచ్చిండు. జవాబు ఉత్తరం రుమాలల భద్రంగ ఉన్నది. పోయేటప్పుడే రెండో దినం జరమొచ్చిందట. మూడో దినం బంక, నెత్తురు. ఆగితే ఉత్తరం ఆగుతదని చుక్కల లెక్క విడిచిపెట్టి గుక్కలు తాగిండు. ఆగింది, అన్నడు నవ్వుకుంట, నీ మందు మంచిగ పనిజేసింది సరోజనా, రెండు దినాలాయె, ఒక్కసారి కూడ పోలేదు. పోవలసిన విషాన్ని లోపల పెట్టి తలుపు మూసినట్టాయె. అంతల కడుపు ఉబ్బవట్టింది, మాట తడవడవట్టింది.

"బాయి," తారి గుడిసెలకు తొంగి చూసింది. సగం లంబాడి, సగం తెలుగు కలిపి మాట్లాడే మనిషి, బాయి అంటే వాళ్ల మాటల అక్కచెల్లె. ఆమె పెనిమిటి గోప్యానే బండి కోసం తండాకు పోయింది. "ఆముదం పోద్దునా? ఒక్క దెబ్బకు మొత్తం కడుక్కపోతది."

"వద్దు తారక్కా. లోపల బిగుసుకున్నది. బలిమీద నూకితే పేగు పగులుతది."

"పోనీ ఇప్పసారా ఉన్నది. రెండు గుక్కలు. ఒళ్లు వేడి పుడతది."

"అయ్యో, అసలే వద్దు. ఆ మందు మీద సారా పడితే ఉన్న ఊపిరి కూడ ఆగుతది."

"మరి ఏం జేస్తం?"

"పానం నిలవెట్టాలె. మందు దిగిందాంక నిద్రవోనియ్యద్దు. లేస్తే గంజి చుక్క చుక్క తాగియ్యాలె. గంతే."

గంతే, అని తారి ఆ మాటను నమ్మనట్టు మళ్లన్నది, పోయి గంజి కుండ దించింది. సరోజన కిష్టయ్యను తన ఒడికి ఆనిచ్చి జర లేపి కూసోవెట్టింది, అరికాళ్లు రుద్దింది, చెంపల మీద తట్టింది. కిష్టన్నా. కిష్టన్నా, కండ్లు తెరువు. తెరిచిండు, ఆమె మొకం దిక్కు చూసిండు, చూపు ఆమెను దాటి ఎటో పోయింది. పెదువులు కదిలినయి.

"సత్తీ... బర్రె ఈనిందా?"

సత్తమ్మ. ఆయన పెండ్లాం. జనగామ కాడ ఊర్ల ఉన్నది. మిలట్రీ వస్తే ఇంటి ముందర ఎదురు నిలవడి, మొగోడు ఏడున్నడో నాకేం ఎరుక, మీకు దొరికితే నాకు పట్టియ్యిండ్రి అన్నదట. రెండేండ్లాయె ఆయన ఆమెను చూడక. అయినా సరోజనకు ఆమె సంగతి అంత ఎరుకే: కోపమొస్తే మాట్లాడదట, చీపురు కట్ట మాట్లాడుతదట, వానల దూడను ఇంట్ల కట్టేసి తను వాకిట్ల పండుకుంటదట, పచ్చిపులుసుల ఉల్లిగడ్డ శాన వేస్తదట. నడకల్ల ఆయన చెప్పుకుంట పోతుంటే ఎనుక నడుసుకుంట వినేది తనే. వినలేక వినేది, వినక ఉండలేక వినేది, ఎందుకంటే ఆ ముచ్చట తీసినప్పుడే ఆయన గొంతు మెత్తగైతది. ఇప్పుడు ఆ గొంతే. నేను సత్తమ్మను కాదు అని చెప్పాలె. చెప్తే ఏమైతది, ఓహో అని కండ్లు మూస్తడు. కండ్లు మూతవడుతనే ఉన్నయి. ఊపిరి, ఖాళీ, ఖాళీ, ఇంక ఖాళీ.

"ఈనింది," అన్నది సరోజన.

రెప్పలు లేచినయి. "ఏం దూడ?"

"పెయ్యదూడ. నల్లది. నొసట చుక్క ఉన్నది." నోటికెట్ల వచ్చిందో చుక్క. ఆయన మొకంల నవ్వు లేచింది, మెల్లగ, అడుగుకెళ్లి పైకొచ్చినట్టు. "పాలు పిండి అవ్వకు పొయ్యి," అన్నడు. పోస్త, అన్నది. గంజి గిన్నె అందుకొని ఒక్క చెంచ పెదువుల నడుమ పెట్టింది, మింగిండు. నీకు చెప్పకుండ పోయిన గద, అన్నడు. అవును, పోయినవు. కోపమొచ్చిందా? వచ్చింది. ఎంత? శాన. "శాన" అన్నప్పుడు ఆ మాట సత్తమ్మది కాదు, తనదే. పోయేటప్పుడు తన దిక్కు తిరిగి చూడకుండనే పోయిండు ఆయన, ఆరు దినాలు ఆ కోపం కడుపుల పెట్టుకొని తిరిగింది తను. చెయ్యి ఇటియ్యి, అన్నడు. ఇచ్చింది. ఆయన వేళ్లు వేడిగ, ఎండిపోయి, చెట్టు బెరడు లెక్క ఉన్నయి, గట్టిగ పట్టుకున్నయి. మందియ్యను ముట్టింది ఈ మనిషిని, కట్టు కట్టను ముట్టింది, ముల్లు తియ్యను ముట్టింది, ఏదో ఒక పని లేకుండ ముట్టలేదు ఎన్నడు. ఇప్పుడు కూడ పనే గద. నిద్రవోకుండ చూసుడు పనే. సాయిలు కూడ గిట్లనే మాట్లాడిపిచ్చెటోడు. కాదని ఎవరనగలరు?

జరసేపు పండుకుంట సత్తీ, అన్నడు. వద్దు, పండుకుంటే నేను తల్లిగారింటికి పోత. "పోతవా?" పోత, నీ చెంబు నీ చెప్పులు బయట పారేసి పోత. నవ్విండు, ఆ నవ్వుకు ఊపిరి ఒక్కసారి నిండుగ ఆడింది, అది చూసి ఆమె ఇంక నవ్వియ్యాలని చూసింది. దొరికితే నిన్ను నాకు పట్టియ్యిండ్రి అని మిలట్రీ వాళ్లతోటి అన్న గద, ఇంక తేలేదేంది వాళ్లు, అన్నది. ఊర్ల ముచ్చట్లు అడిగిండు, ఉన్నయి లేనియి కలిపి చెప్పింది. మామిడి కాసిందా అంటే కాసింది అన్నది. ఇల్లు కురుస్తుందా అంటే, కురుస్తుంది, నువ్వు లేవు గద గడ్డి కప్పేటోడు, అన్నది. ఆ తర్వాత తనకు తెలువకుండనే, అడుగకుండనే, నోట్లెకెళ్లి వచ్చింది: "నువ్వు లేకుంటే నాకు బువ్వ సయించదు. ఎవరన్న నడిచొచ్చే చప్పుడైతే నువ్వే అనుకుంట. నువ్వు ముందర నడువకపోతే నాకు తొవ్వే తెలువది." ఆయన వేళ్లు ఆమె వేళ్లను ఒక్కసారి నొక్కినయి. "వస్త," అన్నడు, "ఇంటికొస్త సత్తీ." బయట తారి ఎప్పుడు దంచుడు ఆపిందో, గుడిసె వాకిట్ల నిలవడి వింటున్నది; చూపులు కలిస్తే తల దించుకొని పక్కకు జరిగింది.

సిగ్గు ఒంటి నిండ పాకింది. ఎన్నడూ చూడని ఆడమనిషి పేరు వేసుకొని ఆమె పెనిమిటి చెయ్యి పట్టుకొని కూసున్నది తను. ఆమె ఇప్పుడేం జేస్తున్నదో, ఈ పొద్దుకు ఏ చేన్ల కలుపు తీస్తున్నదో, ఈ మనిషి ఊపిరి ఇక్కడ లెక్క వెడుతున్నరని ఆమెకు కల కూడ రాదు. ఈ చెయ్యి విడువాలె. విడువకపోతే ఏమైతది, గంటనే గద, పొద్దు గుట్టకు తాకినంక వాగు దాటుడే గద, ఆ గంట ఎవరికి తక్కువైతది. విడిస్తే కండ్లు మూస్తడు. మూస్తడా, లేకుంటే మూస్తడని తను అనుకుంటున్నదా? మళ్ల ఊపిరి లెక్క చూసింది. రెండుకు ఒకటి. ఇందాక మూడుకు ఒకటి ఉండె. మందు దిగుతున్నది. దిగితే తెలివొస్తది, తెలివొస్తే సత్తమ్మ పోతది. అయ్యో అనుకున్నది, వెంటనే ఆ అయ్యోకు భయమైంది. సచ్చినా బతికినా నాకే ఉండాలెననుకుంటున్ననా ఏంది. కాదు. బతుకనీ. నన్ను మరిచి బతుకనీ, కండ్లు తెరిచి నువ్వెవరని అడిగినా సరే. కడుపు మీద మళ్ల చెవి పెట్టింది, ఈసారి ఆయన చెయ్యి విడువకుండనే.

చిలుకలు. వాగు. తన నెత్తురు తన చెవుల కొట్టుకునుడు. దాని కింద, శాన లోతుల, ఎండిన కాలువలకు మొదటి నీళ్లొచ్చి మట్టి నానుతున్నట్టు, ఒక చిన్న చప్పుడు. ఉన్నదా? భ్రమా? ఆగింది. మళ్ల. ఈసారి పొడుగ్గ, ఈ పక్కకెళ్లి ఆ పక్కకు జరుగుకుంట పోయింది. సరోజన కదలలేదు, కదిలితే పోతదేమోనని. గుడ గుడ గుడ. కిష్టయ్య మూలిగిండు, కాళ్లు ముడుచుకున్నడు, అంతల గుడిసె దద్దరిల్లేటట్టు గాలి పోయింది. వాకిట్ల తారి ఫక్కుమని నవ్వింది. "బాయి! తుపాకి పేలింది!" అని కొంగు నోట్ల కుక్కుకున్నది. సరోజన నవ్వవోయి ఏడ్చింది, ఏడ్చుకుంటనే నవ్వింది, ఆయన కడుపు మీదనే తల పెట్టి ఇంకొంచెం సేపు ఆ చప్పుళ్లు వింటనే ఉన్నది. తర్వాత ఇద్దరు ఆడోళ్లు చెరో రెక్క పట్టి ఆయనను బయటికి నడిపిచ్చి తుప్పల చాటుకు పంపిన్రు. తిరిగొచ్చినంక కడుపు సగం దిగింది. జరం అట్లనే ఉన్నది. ఈ రోగానికి సల్ఫా గోళీలు కావాలె, అవి కేసముద్రం అవుతల సంగం డాక్టర్ దగ్గర ఉన్నయి, బండిల మెల్లగ పోతే తెల్లారేసరికి అందుతరు. గోడకు ఒరిగి, గిన్నె తానే పట్టుకొని గంజి తాగుకుంట ఆయన ఆమె దిక్కు చూసిండు. ఈసారి చూపు దాటిపోలేదు.

"సరోజనా."

"చెప్పు కిష్టన్నా." గింజ మళ్ల నోట్లెకు వచ్చింది.

"తల తిరుగుతున్నది. ఎన్ని చుక్కలు తాగిన్నో నాకే ఎరుక లేదు."

"ఆ సీస నీ చేతికిచ్చుడే నా తప్పు."

"అడిగింది నేనే గద."

"అడిగితే ఇస్తరా? మందు ఎరుకైనదాన్ని, నాకుండాలె తెలివి." ఇంకో మాట ఉన్నది, ఆ మాట దాచుకున్నది.

ఆయన గిన్నె కింద పెట్టిండు. "ఎవరితోనో మాట్లాడినట్టుంది ఇంతసేపు. ఎవరు?"

తారి వాకిట్ల నుంచి లోపలికి చూసింది. సరోజన కింద పడ్డ గంజి మెతుకు ఒక్కటి ఏరి పక్కకు పెట్టింది.

"సత్తమ్మతోటి."

"ఏమన్నది?"

"ఇంటికి రమ్మన్నది," అన్నది సరోజన.

ఆయన మోచెయ్యి కండ్ల మీద వేసుకున్నడు. భుజాలు కదిలినయి. ఆమె చెయ్యి చాపలేదు. పని ఏమీ లేదు ఇప్పుడు.

గోప్యా ఎడ్లబండి తెచ్చేసరికి పొద్దు గుట్ట అంచుకు తాకింది. బండిల గడ్డి పరిచి, కిష్టయ్యను పండవెట్టి, పైన మక్కసొప్ప కప్పిన్రు. పోశాలన్నకు నేను చెప్త, గోళీలు మింగి ఇంటి దిక్కు పో, ఒళ్లు కుదిరిందాంక ఆడనే ఉండు, అని సొప్పతోటి చెప్పినట్టు చెప్పింది. లోపలికెళ్లి మంచిది అని వినవడ్డది. గోప్యాను ఎడ్ల ముందుకు తీసుకపోయి జాగ్రత్తలన్నీ చెప్పి, ఒక్కొక్కటి మళ్ల అడిగి ఆయనతోటి చెప్పిచ్చుకున్నది.

"దాహమంటే?"

"ఉప్పేసిన గంజి. జర జర."

"మళ్ల కడుపు నడిస్తే?"

"నడువనియ్యాలె. ఎవరేం మందిచ్చినా ఆపే మందు పొయ్యద్దు."

"ఊపిరి?"

"నాది రెండైతే ఆయనది ఒకటన్నా ఉండాలె. నిద్రవోతే లేపాలె, మాట్లాడిపియ్యాలె." గోప్యా ముల్లుకర్ర చేతుల తిప్పుకుంట ఆగిండు. "ఏం మాట్లాడాలె బాయి? నాకు ఆయన సంగతులేం ఎరుక లేదాయె."

సరోజన మందుల సంచి భుజానికి వేసుకున్నది. వాగు దిక్కు తొవ్వ అప్పటికే నీడల పడ్డది.

"సత్తమ్మ ముచ్చట తియ్యి," అన్నది. "తెల్లారేదాంక ఆయనే మాట్లాడుతడు."